శ్రావకులు ఎటు పోయారు? తెలుగు నేల మీద జైనం గురించిన చర్చ

తెలుగు నేల మీద జైనం గురించి రాసినవాళ్లంతా రెండు సంగతులు ఒప్పుకుంటారు. ఒకప్పుడు అది ఇక్కడ బలంగా ఉండేది. ఇప్పుడు దానికి ఇక్కడి వారసులు లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద జైనులు సుమారు 44.5 లక్షలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 50 వేల పైచిలుకు. వాళ్లలోనూ అత్యధికులు రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల నుంచి వ్యాపారం మీద వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. తమిళనాట విలుప్పురం చుట్టుపక్కల తమిళమే ఇంటి భాషగా సేద్యం చేసుకునే జైనులు ఈనాటికీ ఉన్నారు, మేల్ సిత్తామూరులో వాళ్ల మఠం ఉంది. కన్నడ జైనుల సంగతి సరేసరి. తెలుగే ఇంటి భాషగా, తరాల తరబడి వచ్చిన జైన సమాజమంటూ మాత్రం మనకు కనబడదు.

మధ్యలో ఏం జరిగిందన్న దగ్గరే తగువు. 1922లో రామస్వామి అయ్యంగారు, శేషగిరిరావు కలిసి దక్షిణ భారత జైనం మీద పుస్తకం తెచ్చినప్పటి నుంచి, 1957లో పి.బి. దేశాయి జైన శాసనాలను సమీక్షించిన దాకా, ఆ తర్వాత కూడా వాదాలు పెరిగాయే గాని తగ్గలేదు. చంపేశారని కొందరు, కలిసిపోయారని కొందరు. అసలు ఇక్కడ జనం మతంగా అది ఎప్పుడూ లేదనేవాళ్లు ఇంకొందరు. ఈ చర్చ చాలావరకు రాజుల చుట్టూ, కవుల చుట్టూ తిరిగింది. జైనుల రోజువారీ బతుకు ఎలా నడుస్తుందో, దేని మీద నిలబడుతుందో చూసి అక్కడి నుంచి ప్రశ్న వేసినవాళ్లు తక్కువ. ఈ సమీక్ష ఆ వైపు నుంచి మొదలవుతుంది.

## ఇంటి మీద ఆధారపడిన సన్న్యాసం

జైన సిద్ధాంతంలో సృష్టికర్త లేడు. జీవుడు, జీవుణ్ణి అంటుకున్న కర్మ ఉన్నాయి. కర్మ అంటే ఇక్కడ పాపపుణ్యాల చిట్టా అనుకుంటే పొరపాటు. అది సూక్ష్మమైన పదార్థం. మనసు, మాట, చేత కదిలినప్పుడల్లా జీవుడిలోకి వచ్చి చేరుతుంది, రాగద్వేషాలు దాన్ని అంటిపెడతాయి. కొత్తది రాకుండా ఆపడం సంవరం, ఉన్నదాన్ని తపస్సుతో రాల్చుకోవడం నిర్జర, పూర్తిగా రాలిపోతే మోక్షం. ఈ దారి నడిచి చూపిన 24 మంది తీర్థంకరులలో మొదటివాడు ఋషభుడు, 23వ వాడు పార్శ్వనాథుడు, చివరివాడు మహావీరుడు. సంప్రదాయం లెక్క ప్రకారం మహావీరుడి కాలం క్రీ.పూ. 599–527.

సిద్ధాంతం నుంచి ఆచరణకు వస్తే అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అని అయిదు వ్రతాలు. మునికి ఇవి మినహాయింపు లేని మహావ్రతాలు. గృహస్థుడికి, అంటే శ్రావకుడికి, సంసారానికి సరిపడా సడలించిన అణువ్రతాలు. వీటికి మూడు గుణవ్రతాలు, నాలుగు శిక్షావ్రతాలు చేరితే శ్రావకుడి పన్నెండు వ్రతాలవుతాయి. ఎంత దూరం తిరగాలి, ఎంత ఆస్తి ఉంచుకోవాలి, ఏ రోజు ఉపవాసం ఉండాలి, ఎవరికి పెట్టి తినాలి, అన్నీ వాటిలోనే ఉన్నాయి. పొద్దుగూకాక తినరు. నిష్ఠ గలవాళ్లు దుంపలు ముట్టరు, ఒక్క దుంపలో లెక్కలేనన్ని జీవులుంటాయని. నీళ్లు వడకట్టుకుని తాగుతారు. వానాకాలం నాలుగు నెలలూ మునులు ఊరు దాటరు, నేల మీద పురుగూ పుట్రా ఎక్కువ కాబట్టి.

మన ప్రశ్నకు కీలకమైన సంగతి ఇక్కడుంది. దిగంబర ముని వండుకోడు, డబ్బు ముట్టడు. చేతిలో నెమలి పింఛం, కమండలం, అంతే. రోజుకొక్కసారి, శ్రావకుడి ఇంట్లో, నిలబడి, అరచేతుల్లో పెట్టింది తింటాడు. ఆ అన్నం కూడా ఏ ఇంట్లో పడితే ఆ ఇంట్లో కుదరదు. నియమాలు తెలిసినవాళ్లు, శుద్ధిగా వండేవాళ్లు కావాలి. అందుకే ఆహారం, అభయం, ఔషధం, శాస్త్రం అనే నాలుగు దానాలు శ్రావక ధర్మానికి ఆయువుపట్టు. గుడి కూలినా ముని బతకగలడు. నియమం తెలిసిన వంటిల్లు ఊళ్లో లేకపోతే మర్నాటికి ఊరు విడవాలి. తెలుగు నేల మీద జైనం ఎంత లోతుగా దిగిందో తేల్చడానికి బసదుల, అంటే జైన గుళ్ల, లెక్క చాలదు, ఆ వంటిళ్ల ఆచూకీ కావాలి.

## రాక గురించి

ఎప్పుడొచ్చిందన్న ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. అశోకుడి మనుమడు సంప్రతి ఆంధ్ర, ద్రవిడ దేశాలను మునులు తిరగడానికి వీలుగా చేశాడని శ్వేతాంబర వాఙ్మయం చెబుతుంది. పక్కనే కళింగంలో ఖారవేలుడి హాథీగుంఫా శాసనం ఉంది, అతడి జైనాభిమానం తిరుగులేనిది. గుంటూరు ప్రాంతంలో వడ్డమాను తవ్వకాలు జరిపినవారు దాన్ని జైన క్షేత్రమన్నారు. ఇటుక స్తూపం కనబడగానే బౌద్ధం ఖాతాలో వేయడం మనకు అలవాటు. మథురలోని కంకాళీ టీలా చూస్తే జైనులూ స్తూపాలు కట్టారని తెలుస్తుంది. కాబట్టి తొలి ఆనవాళ్లలో కొన్ని బౌద్ధం పద్దు కింద చేరిపోయి ఉండవచ్చు. అంతకుమించి గట్టిగా అనడానికి ఆధారాలు పలచన.

దిగంబరులకు మహాచార్యుడైన కుందకుందుడిది అనంతపురం జిల్లా కొనకొండ్ల అన్న వాదానికి బలం ఎక్కువే. ఆయన పేరు కొండకుంద అనే ఊరి పేరు నుంచి వచ్చిందనడంలో పెద్ద తగాదా లేదు. ఆ కొండకుంద ఈ కొనకొండ్లేనని ఊరి దగ్గర కొండ మీది జైన అవశేషాలు, శాసనాలు మొగ్గు చూపుతాయి. ‘సమయసారం’ రాసిన మనిషి మనవాడని గర్వపడడానికి ఇది చాలు. కాని ఆయన రాసింది ప్రాకృతంలో, చదివిందంతా కన్నడ, ఉత్తర దేశాల జైనులు.

## శాసనాల్లో కనబడేది ఎవరు?

ఏడో శతాబ్దం నుంచి సాక్ష్యం గట్టిపడుతుంది. తూర్పు చాళుక్య వంశ స్థాపకుడు కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసదికి ముసినికొండ గ్రామాన్ని ఇచ్చింది. పదో శతాబ్దంలో రెండో అమ్మరాజు దానాలు మరీ ముఖ్యం. మలియపూండి శాసనం కమ్మనాటిలోని ఒక గ్రామాన్ని కటకాభరణ జినాలయానికి రాసిచ్చింది. దాన్ని కట్టించినవాడు దుర్గరాజు, అందుకున్నవారు యాపనీయ సంఘం మునులు. యాపనీయులంటే దిగంబరుల్లా బట్టలు విడిచి, శ్వేతాంబరుల్లా స్త్రీకి మోక్షం ఉందని నమ్మిన మధ్యేమార్గం వాళ్లు. తర్వాతి శతాబ్దాల్లో ఈ శాఖ దేశం మొత్తం మీదే అంతరించింది. తెలుగు జైనం గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి తరచు మరిచిపోతారు. ఇక్కడ బలంగా వేళ్లూనిన శాఖల్లో ఒకటి ఎవరి కత్తీ తగలకుండానే అన్ని చోట్లా మాసిపోయింది.

అదే రాజు కలుచుంబఱ్ఱు శాసనం ఇంకా ఆసక్తికరం. అత్తిలి ప్రాంతంలోని ఆ గ్రామాన్ని చామెకాంబ అనే స్త్రీ పూనికతో సర్వలోకాశ్రయ జినభవనానికి ఇచ్చారు. ఆమె రాజుకు ఇష్టురాలు, అర్హనంది అనే ముని శిష్యురాలు. దానం దేనికంటే గుడి భోజనశాల మరమ్మతులకు. ముని ఇంటింటికీ వెళ్లి తినే మతంలో గుడికే భోజనశాల, దానికి మాన్యం ఏర్పడ్డాయంటే, వ్యవస్థ గృహస్థు గడప నుంచి భూమి రాబడి మీదికి జరుగుతున్నట్టే అనిపిస్తుంది. ఇది నా ఊహ. కాని దీని మీద పరిశోధన జరగాలి. గడప మీద ఆధారపడిన మఠం రాజు మారినా బతుకుతుంది, మాన్యం మీద బతికే మఠానికి రాజు మారడమే గండం.

కడప జిల్లా దానవులపాడులో పెన్న ఒడ్డున బయటపడ్డ బసదికి రాష్ట్రకూటుల ఆదరణ ఉంది. అక్కడే శ్రీవిజయుడనే దండనాయకుడి నిషిధి కనబడుతుంది. పదవి వదిలేసి, సన్న్యసించి, ఉపవాసంతో దేహం చాలించిన వ్యక్తికి ఎత్తిన గుర్తు అది. సల్లేఖనం అనే ఈ వ్రతాన్ని ఆత్మహత్యా నేరంగా చూడాలని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు అంది. ఆ నెలాఖరుకే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. చట్టం ఎటు తేల్చినా చరిత్రకారుడికి నిషిధి రాళ్ల విలువ వేరు. బసది కట్టించడానికి డబ్బు, హోదా చాలు. నెలల తరబడి పస్తుండి చావడానికి ఆ మతం ఎముకల్లోకి దిగాలి. రాజుల దానపత్రాల కంటే ఈ రాళ్లే శ్రావకుల ఉనికికి దగ్గరి సాక్షులు.

తెలంగాణలో వేములవాడ చాళుక్యుల కాలం ఉచ్చదశ. ‘యశస్తిలక చంపువు’ రాసిన సోమదేవసూరి ఆ ఆస్థానపు నీడలో బతికాడు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117లో కడలాలయ బసది వెలిసింది, కట్టించింది కాకతీయ రెండో ప్రోలుడి మంత్రి బేతన భార్య మైలమ. ఉత్తరాన రామతీర్థం, పాలమూరు జిల్లాలో ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడి, దక్షిణాన పెనుకొండ. పటంలో గుర్తులు పెడుతూ పోతే జైనం తాకని జిల్లా దొరకడం కష్టం. ఐతే ఈ శాసనాల్లో పేరున్నవాళ్లు రాణులు, మంత్రులు, దండనాయకులు, వాళ్ల బంధువర్గం. రైతు, నేతగాడు, చిల్లర వర్తకుడు అరుదు.

## పోయిన పుస్తకాలా, రాయని పుస్తకాలా?

చర్చలో అందరికంటే ఎక్కువ వేడి పుట్టించిన ముక్క ఇది. నన్నయకు ముందు తెలుగులో జైన సాహిత్యం ఉండేదని, వైదికులో వీరశైవులో దాన్ని నాశనం చేశారని ఒక వర్గం. కన్నడంలో పంప, పొన్న, రన్నలు జైనులు. తెలుగులోనూ అలాంటివాళ్లు లేకుండా ఎలా ఉంటారన్నది వాళ్ల తర్కం. నన్నయ భారతమే జైనానికి జవాబుగా వచ్చిందన్నది దానికి పొడిగింపు.

ఈ వాదానికి దొరికిన పెద్ద ఆసరా కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట. పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో అక్కడ చెక్కించిన శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ ఉంది. తెలుగు భాగంలో కందపద్యాలున్నాయి. నన్నయ కంటే నూరేళ్ల ముందు ఒక జైనుడు తెలుగు కందం పట్టాడని దీనితో తేలిపోయింది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిన సందర్భంలోనూ ఈ గుట్ట పేరు మోగింది.

అదే శాసనాన్ని అవతలి పక్షం తిరగేసి చదువుతుంది. పంపడి పూర్వీకులు కమ్మనాటి వంగిపర్రు నుంచి వచ్చినవాళ్లు. పొన్నకవిని పోషించిన మల్లప కుటుంబానిదీ వేంగిమండలమే. ఆ ఇంటి ఆడపడుచు అత్తిమబ్బె పొన్న ‘శాంతిపురాణం’ వెయ్యి ప్రతులు రాయించి పంచిందని ప్రసిద్ధి. అంటే జైన కవులు, పోషకులు ఇక్కడి నుంచి బయల్దేరినా కావ్యాలు కన్నడంలోనే వెలిశాయి. రాష్ట్రకూటుల, వాళ్ల సామంతుల కొలువుల్లో కావ్యభాష కన్నడం. బహుమానం, కీర్తి, ప్రతులు రాయించే చేతులు అటే ఉన్నప్పుడు తెలుగులో మహాకావ్యం రాయమని జినవల్లభుడికి ఎవరు చెప్పాలి?

నాకు ఈ రెండో వాదమే బరువుగా తోస్తుంది, ఒక సవరణతో. కావ్యాలు తగలబెట్టారనడానికి సాక్ష్యం లేదు. రూపు మార్చి తీసుకున్నారనడానికి ఉంది. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి ‘గణితసారసంగ్రహం’ను పావులూరి మల్లన తెలుగు చేశాడు. లెక్కలు నిలిచాయి, జినుడి చోట శివుడు వచ్చాడు. ఛందోగ్రంథం ‘కవిజనాశ్రయం’ కర్త మల్లియ రేచన జైనుడా కాదా, ఏ కాలంవాడు అన్నది ఇప్పటికీ తేలలేదు. దాన్ని ఏ పక్షానికీ సాక్షిగా నిలబెట్టలేం.

## గానుగ కథలు

పతనం విషయానికి వస్తే హింసావాదానికి మూలాలు తక్కువేమీ కావు. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’, ‘పండితారాధ్య చరిత్ర’ జైనుల మీద శివభక్తుల దాడులను దాచకుండా, పైగా మెచ్చుకుంటూ చెబుతాయి. ‘సిద్ధేశ్వర చరిత్ర’, ‘సోమదేవరాజీయం’ తిక్కన కాకతీయ గణపతిదేవుడి సభలో జైనులతో వాదించి గెలిచిన కథ వినిపిస్తాయి. గణపతిదేవుడు జైనులను గానుగల్లో తిప్పించాడని స్థానిక కథనాలు. వీటన్నిటికంటే గట్టిది శ్రీశైలంలోని 1512 నాటి శాసనం. లింగడనే వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికానని అందులో గొప్పగా చెప్పుకున్నాడు. కావ్యంలో అతిశయోక్తి అని తోసేయవచ్చు, రాతి మీద చెక్కించుకున్న గర్వాన్ని తోసేయలేం. హింస జరిగింది. దాన్ని తక్కువ చేసి రాసే మర్యాద చరిత్రకు పనికిరాదు.

కాని హింస జరగడం వేరు, దానితోనే జైనం పోవడం వేరు. మదురైలో ఎనిమిది వేల మంది జైనులను కొరత వేశారన్న కథ తమిళ శైవంలో దీనికంటే భయంకరం. కన్నడ దేశంలో ఏకాంతద రామయ్య అబ్బలూరులో జైనులను ఓడించిన కథ శాసనానికే ఎక్కింది. ఆ రెండు చోట్లా జైనులు మిగిలారు. తలలు నరికిన కథ ఉన్న ప్రతిచోటా మతం అంతరించలేదని దీని అర్థం. పైగా గణపతిదేవుడు నిర్మూలించాడన్న ఓరుగల్లులోనే 1319లో, ప్రతాపరుద్రుడి కాలంలో, అప్పయార్యుడు ‘జినేంద్ర కల్యాణాభ్యుదయం’ పూర్తి చేశాడు. జినుడి ప్రతిష్ఠావిధులు చెప్పే పుస్తకం, చేయించుకునేవాళ్లు లేకుండా ఎవరు రాస్తారు?

రెండో వాదం ఆదరణ మళ్లిందంటుంది. కాకతీయ బేతరాజు, ప్రోలరాజుల కాలానికే కాలాముఖ శైవ గురువులు రాజగురువులయ్యారు. చదువు, సత్రం, వైద్యం, ఏ సేవకైతే బసదికి మాన్యమిచ్చేవారో అదే సేవను శైవ మఠం అందించింది, గృహస్థుడి మీద అన్ని ఆంక్షలు పెట్టకుండా. చెరువులు తవ్వి అడవి నరికి కొత్త నేల సాగు చేస్తున్న సమాజానికి అహింసావ్రతం ఇబ్బంది అయిందని కొందరు దీనికి తోక తగిలిస్తారు. ఈ తోక నిలవదు. తమిళ, కన్నడ జైనుల్లో తరతరాలుగా నాగలి పట్టినవాళ్లున్నారు. శ్రావకుడి అణువ్రతం సేద్యాన్ని పూర్తిగా నిషేధించదు.

మూడో వాదం కలయిక. బసదులు శివాలయాలుగా, అమ్మవారి గుళ్లుగా మారాయి. పద్మాక్షి గుట్ట దీనికి కళ్లెదుటి ఉదాహరణ, బండ మీద తీర్థంకరులు, లోపల అమ్మవారు. భక్తులు ఎక్కడికీ పోలేదు, దేవుడే మారాడని ఈ వాదం. గుళ్ల విషయంలో ఇది నిజం. ఫలానా కులం ఒకప్పటి జైనులే అంటూ పేర్ల పోలికతో చేసే ఊహలు మాత్రం అక్కరకు రావు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

హింసావాదం శ్రీశైలం శాసనాన్ని వివరిస్తుంది, పొరుగు రాష్ట్రాల జైనులను వివరించలేదు. ఆదరణ వాదం పన్నెండో శతాబ్దం తర్వాత దానశాసనాలు ఎందుకు పలచబడ్డాయో చెబుతుంది, కర్ణాటకలో రాజులు వైష్ణవులైనా, శైవులైనా జైనం ఎందుకు నిలిచిందో చెప్పదు. కలయిక వాదం గుళ్లకు సరిపోతుంది, మనుషుల దగ్గర తడబడుతుంది.

పొరుగుతో పోలిస్తే తేడా ఒక చోట స్పష్టంగా ఉంది. 1368లో జైనులకూ శ్రీవైష్ణవులకూ తగాదా వస్తే బుక్కరాయలు రాజీ కుదిర్చి శ్రవణబెళగొళలో శాసనం వేయించాడు. ఆ తగాదాను రాజు దాకా మోసుకుపోయింది జైన సమాజం. ఫిర్యాదు చేయడానికి ఊరూరా శ్రావకులు ఉన్నారు, వాళ్ల తరఫున నిలబడే మఠం ఉంది. అక్కడి మఠాధిపతులైన భట్టారకులు బట్టలు కట్టుకుని, ఆస్తులు చూసుకుంటూ, పెళ్లిళ్లు, తగవులు తీరుస్తూ గృహస్థులను కూడగట్టారు. దిగంబరుల నాలుగు విద్యాస్థానాల్లో ఢిల్లీ, కొల్హాపురం, జినకంచితో పాటు పెనుకొండనూ సంప్రదాయం లెక్కిస్తుంది. జినకంచి పీఠం వారసత్వం మేల్ సిత్తామూరులో నిలిచింది. పెనుకొండకు అలాంటి కొనసాగింపు లేదు. తెలుగు నేల మీద జైనానికి రాజులు దొరికారు, కవులు దొరికారు, గృహస్థుల్ని కట్టి ఉంచే మఠం మాత్రం నిలదొక్కుకోలేదు. మూడు వాదాలు చెప్పే మూడు దెబ్బలూ ఆ బలహీనత మీదే పడ్డాయి.

## తేలనివి

కొలనుపాక ఈ చర్చను మరో వైపు తిప్పుతుంది. కుల్పాక్‌జీగా నేడు దేశమంతటి నుంచి యాత్రికులు వచ్చే ఆ క్షేత్రం శ్వేతాంబరుల నిర్వహణలో ఉంది. చాళుక్యుల కాలంలో అక్కడి ఆచార్యులు దిగంబర గణాలవాళ్లు. ఐతే పద్నాలుగో శతాబ్దంలోనే జినప్రభసూరి అనే శ్వేతాంబర ముని తన ‘వివిధతీర్థకల్పం’లో ఇక్కడి మాణిక్యదేవుడి గురించి రాశాడు. 1512 శాసనం చంపానని చెప్పుకున్నదీ శ్వేతాంబరులనే. అంటే పాత దిగంబర, యాపనీయ శాఖలు సన్నగిల్లుతున్న కాలానికే పడమటి వర్తకులతో ఇంకో జైనం ఇక్కడ అడుగుపెట్టి ఉండాలి. తెగిపోయిందనుకుంటున్న దారం ఒకటి కాదు, రెండు. రెండోది పూర్తిగా తెగిందో, నిజాముల కాలపు మార్వాడీ వలసల దాకా సన్నగా సాగిందో చూడాలి. ‘తెలుగు జైనం’ అని ఒకే పేరుతో పిలవడం వల్ల ఈ తేడా మరుగున పడింది.

ఇక శ్రావకుల సంగతి. దానశాసనాలు సంపుటాలకెక్కాయి, వాటి మీద వ్యాసాలూ వచ్చాయి. నిషిధి రాళ్ల మీద అంత శ్రద్ధ పెట్టలేదు. ఎవరు చనిపోయారు, ఏ వృత్తి, భార్యాభర్తలా, ఏ గణం ముని దగ్గర వ్రతం పట్టారు, చివరి రాయి ఏ శతాబ్దానిది అని ఊరూరా వరుస పెడితే, రాజుల కుటుంబాల బయట ఈ మతం ఎంతమందికి అందిందో మొదటిసారి లెక్కకు వస్తుంది. పదకొండో శతాబ్దం తర్వాత నిషిధులు రాయలసీమలోనే ఎక్కువగా తేలితే, వేంగి శ్రావకులు కన్నడ సీమకు తరలిపోయారన్న అనుమానానికి బలం వస్తుంది. అత్తిమబ్బె పుట్టింటివాళ్లు ఆ దారిన వెళ్లినవాళ్లే. పద్నాలుగో శతాబ్దంలోనూ తీరంలో దొరికితే, వాళ్లు ఊళ్లోనే ఉండి గుడి మార్చుకున్నారన్నమాట.

ఆ పట్టిక తయారయ్యే దాకా గానుగ కథను నమ్మేవాళ్లూ, కొట్టిపారేసేవాళ్లూ ఒకే కొరతతో వాదిస్తున్నట్టే.